మగతోడు అడగని లాడ్జి

గుంటూరులో తోడు లేకుండా వచ్చే ఆడవాళ్లకి గదులిస్తామని లాడ్జి పెట్టింది మేమిద్దరం. నేనూ, మా తోటికోడలూ. ఈ సంగతి నా నోటితో నేనే చెప్పుకోవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. బజారులో అందరికీ తెలిసినదాన్ని పనిగట్టుకుని చెప్పడమెందుకు అనుకునేదాన్ని.

దీనికి మొదలు మా అమ్మ కన్ను. మాది ప్రత్తిపాడు పక్కన పల్లె. మిరప, పత్తి తప్ప ఇంకో ధ్యాస లేని ఊరు. అమ్మకి శుక్లాలు బాగా ముదిరి, ఎదురుగా ఉన్న మనిషిని గొంతు విని పోల్చుకునే స్థితికి వచ్చాక గుంటూరు కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాను. అప్పటికి నాన్న లేరు. మా ఆయన ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఆసుపత్రిలో చూసి, ఆపరేషన్ చెయ్యాలి, మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఊరికి వెళ్లి మళ్లీ వేళకి రావడం అయ్యే పని కాదు.

బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలన్నీ తిరిగాం. ప్రతిచోటా కౌంటర్లో మనిషి మా వెనక్కి తొంగి చూసేవాడు. మగవాళ్లెవరు వచ్చారమ్మా అని అడిగేవాడు. ఎవరూ లేరంటే గదులు ఖాళీ లేవనేవాడు. ఒకచోట గోడకి తాళంచెవులు వరసగా వేలాడుతూ కనిపిస్తున్నా లేవన్నాడు. అమ్మకి అవి కనపడవు కాబట్టి నమ్మింది. ఆ రాత్రి బస్టాండులో సిమెంటు బెంచీ మీద నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. మనల్ని చూసి వాళ్లేమనుకున్నారే అని అడిగింది. నాకు చెప్పబుద్ధి కాలేదు. చూపు లేని ముసలావిడని చూసి కూడా వాళ్లు అదే అనుకున్నారని కూతురు నోటితో ఎలా చెప్పేది?

తర్వాత కొన్నాళ్లకి మా ఆయనకి గుంటూరులోనే మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు పని దొరికింది. మా మామగారి మేడింట్లోకి వచ్చాం. కింద మేమూ, మా మరిది వాళ్లూ. మరిది పత్తి వ్యాపారం మీద ఎప్పుడూ ఊళ్లు తిరుగుతూ ఉండేవాడు. పైభాగంలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. మళ్లీ ఎవరికివ్వాలా అని మాట వచ్చినప్పుడు, ఊళ్లోకి పని మీద వచ్చే ఆడవాళ్లకి రోజువారీగా ఇద్దామని నేనన్నాను. మా మరిది నవ్వాడు. మా ఆయన నవ్వలేదు గానీ తల గోక్కున్నారు. తోటికోడలు మాత్రం అన్నం తినేది ఆపి నా వైపు చూసింది. ఆమె డిగ్రీ చదివింది. గుంటూరు టౌన్లో పుట్టి పెరిగింది. నాకంటే బాగా చిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి, బోర్డు మీద ఏం రాయించాలో చెప్పింది. "ఆడవాళ్లకు గదులు కలవు. తోడు అవసరం లేదు."

ఆ రెండో వాక్యం నాకు తట్టేది కాదు. అది ఆమెదే. ఈ మాట ఒప్పుకోకుండా మిగతా కథ చెప్పడం న్యాయం కాదు.

మొదట్లో వచ్చినవాళ్లు నాకింకా గుర్తే. పరీక్ష పేపర్లు దిద్దడానికి వినుకొండ వైపు నుంచి వచ్చిన పంతులమ్మ ఒకావిడ. మొగుడు పోయాక తన పంటని తనే మిర్చి యార్డుకి తెచ్చుకున్న రైతు ఒకావిడ. ఆమె గదిలో అడుగు పెట్టగానే ఇల్లంతా మిరపకాయల ఘాటు కమ్ముకుని అందరం తుమ్మడం మొదలుపెట్టాం. ఆమె సిగ్గుపడి బయట కూర్చుంటానంది. మా తోటికోడలు ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, ఈ ఊరంతా తుమ్ముతూనే ఉంటుంది, మీరు పడుకోండని చెప్పింది.

పనులు మా మధ్య ఎవరూ పంచకుండానే పంచుకున్నాం. గదిలో ఏమేం ఉండాలో నేను చూసేదాన్ని. తలుపుకి లోపల రెండు గడియలు పెట్టించాను. రెండోది కిందగా, మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే అందేటట్టు. బాలింతలకి వేణ్నీళ్లు, ఆపరేషన్ అయినవాళ్లకి జావ కాచుకోవడానికి చిన్న వంటగది. ఎవరైనా ఏడ్చిన కళ్లతో వస్తే ముందు మంచినీళ్లు, తర్వాత తాళంచెవి, ఊరూ పేరూ ఆ తర్వాతే. ఎందుకొచ్చారని అడగకూడదు. లైసెన్సులూ, ఆఫీసులూ, ఇంగ్లీషూ ఆమె చూసేది. ఒకసారి పోలీసు స్టేషన్ నుంచి పెద్ద అధికారి వచ్చి, ఇక్కడ ఎలాంటి ఆడవాళ్లు దిగుతారని అదోలా అడిగాడు. ఆమె ఆయనకి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, మీ ఆవిడ ఒక్కతే ఈ ఊరు వస్తే ఎక్కడ దిగుతారండీ అని నెమ్మదిగా అడిగింది. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కౌంటర్లో కూర్చోడానికి ఆడమనిషే కావాలనుకున్నాం. మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. భర్త పోయాక మిషను మీదే ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న ముస్లిం ఆవిడ. వీధిలో పిల్లలు పిలిచినట్టే మేమూ, వచ్చినవాళ్లూ అందరం ఆమెని ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్లం. ఆమె నన్ను వదినా అనేది. ఎంత గద్దించి మాట్లాడేవాడినైనా గొంతు పెంచకుండా గుమ్మం దాటించేది.

అలా పెరిగింది. పక్కిల్లు కలుపుకున్నాం. పాతది కొట్టేసి మూడంతస్తులు కట్టాం. కుటుంబాలతో వచ్చే మగవాళ్లకీ ఇచ్చాం. లిఫ్టు వచ్చింది, కంప్యూటరు వచ్చింది. తర్వాత ఒంగోలులో ఇంకోటి. అక్కడ పని నేర్పడానికి ఆపాని పంపితే ఆమె అక్కడే స్థిరపడిపోయింది. చుట్టుపక్కల ఊళ్లలో లాడ్జీలవాళ్లు మమ్మల్ని చూసి కౌంటర్లో ఆడవాళ్లని పెట్టడం మొదలుపెట్టారు. కొందరు మా గడియలు కూడా చూసి వెళ్లారు. అది వింటే నాకు సంతోషంగా ఉండేది. రికార్డుల్లో అంతా తోటికోడలి పేరే. చదువుకున్నదానివి, నీ పేరున పెట్టుకో అని నేనే అన్నాను. డబ్బు దగ్గర ఆమె ఇప్పటికీ వంక పెట్టడానికి లేని మనిషి. నా భాగం నాకు వేళకి అందుతూనే వచ్చింది. నేను చెప్పేది దాని గురించి కాదు.

ఒక వేసవిలో మా ఆయన కోల్డ్ స్టోరేజీలో బస్తాల మధ్య పడిపోయారు. కుడి చెయ్యీ, మాటా రెండూ పోయాయి. డాక్టర్లు చెయ్యగలిగింది చేశాక, పల్లెలో మా ఇంటికి తీసుకెళ్లిపోయాను. ఆయనకి మనుషుల మాటలు వినపడుతుంటే కాస్త తెరిపిగా ఉండేది. టౌన్లో ఆ వీలు లేదు. వెళ్లే ముందు, అన్నీ నువ్వే చూసుకో అని తోటికోడలికి చెప్పాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేది. బావగారి పక్కన కూర్చుని, ఆయన తల ఊపుతుంటే హోటలు కబుర్లన్నీ చెప్పేది.

కొన్నాళ్లకి స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. హైదరాబాదు నుంచి పెద్ద హోటళ్ల కంపెనీ ఒకటి వచ్చిందనీ, మన రెండిటినీ వాళ్లతో కలుపుతారనీ, ఇంకా చాలా ఊళ్లలో పెడతారనీ చెప్పింది. నేను ఏం మారుతుందని అడిగాను.

"బోర్డూ దుప్పట్లూ మారతాయక్కా. అంతే."

అంతేనని నమ్మాను. అంతకుమించి అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆమెకి అవార్డు వచ్చిన సంగతి ఇంకో ఏడాదికి. హోటల్ రంగంలో కొత్త దారి వేసినవాళ్లని పిలిచి సన్మానం చేస్తున్నారని, విజయవాడ రమ్మని కారు పంపింది. నన్ను రెండో వరసలో కూర్చోబెట్టారు. స్టేజీ మీద వరసగా పెద్దపెద్ద వ్యాపారస్థులు. ఇడ్లీ బండితో మొదలై ఊరూరా హోటళ్లు కట్టినాయన ఒకరు, హైవే పక్కన పొలం అమ్ముకోకుండా అందులోనే రిసార్టు పెట్టినాయన ఇంకొకరు. వాళ్ల మధ్య పట్టుచీరలో ఆమెని చూస్తే నా మనసు నిండిపోయింది. పక్కనున్నావిడతో మా తోటికోడలని చెప్పాను కూడా.

మైకు ఆమె చేతికి ఇచ్చారు. మా అమ్మకి చూపు లేదు, అని మొదలుపెట్టింది.

నేను మొదట ఆమె అమ్మగారి గురించేనేమో అనుకున్నాను. ఆమె అమ్మగారు ఆరోగ్యంగా ఉన్నారు, అద్దాలు లేకుండా పేపరు చదువుతారు. తర్వాత బస్టాండు వచ్చింది, సిమెంటు బెంచీ వచ్చింది. అమ్మ తన ఒళ్లో తల పెట్టుకుని, మనల్ని చూసి వాళ్లేమనుకున్నారే అని అడిగిందని చెప్పి, అక్కడ మైకు కిందికి దించింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టారు. పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంది. అందరూ లేచారు కాబట్టి నేనూ లేచాను.

అమ్మ ఆ మాట అన్నదని నేను ఈ భూమ్మీద ఒక్క మనిషికే చెప్పాను. ఇద్దరం దుప్పట్లు మడతపెడుతున్న ఒక మధ్యాహ్నం చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను అడగకముందే ఆమే ఎత్తింది. స్టేజీ మీద నిలబడింది నేను కదక్కా, అక్కడ మా అక్క వాళ్లమ్మ అని మొదలుపెడితే ఎవరు వింటారు, మన ఇద్దరిదీ ఒకటే కదా అంది. నా చేతిలో చెయ్యి వేసింది. అవునేమో అనుకున్నాను. ఆ రోజు నుంచీ మాత్రం అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఆ చప్పట్లు కూడా వినపడేవి.

ఆ తర్వాతి వానల్లో కొత్తపట్నంలో మా ఆయన మేనత్త పోయింది. దినానికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఇంటి దగ్గర ఆయన్ని మా ఆడపడుచు చూసుకుంటోంది. భోజనాలు అవుతుండగానే వాయుగుండం అన్నారు. సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. ఎలాగో ఒంగోలు బస్టాండుకి వచ్చేసరికి, దారిలో వాగులు పొంగాయనీ గుంటూరు బస్సులు రేపటిదాకా లేవనీ చెప్పారు. నాకు కంగారేమీ లేదు. ఒంగోలులో మన హోటలుంది. ఆటో ఎక్కాను.

బోర్డు మారింది. లోపల అంతా చల్లగా, తెల్లగా ఉంది. ఆపా ఉండే చోట కోటు వేసుకున్న ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆపాకి ఆ రోజు సెలవేమో అనుకున్నాను. ఆ అమ్మాయి వెనక గోడ మీద మా తోటికోడలి పెద్ద ఫోటో. దాని కింద, ఒంటరిగా ప్రయాణించే మహిళ కోసం మొదటి తలుపు తెరిచిన మా స్థాపకురాలు, అని రాసి ఉంది. నేను చీర కొంగు పిండుకుని, గది కావాలమ్మా అని ఆధార్ కార్డు ఇచ్చాను.

"మీతో ఎవరొచ్చారు మేడమ్?"

"ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే."

ఆ అమ్మాయి కార్డు రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. "సారీ మేడమ్. సింగిల్ లేడీకి రూమ్ ఇవ్వకూడదండి. కంపెనీ రూల్."

కొత్తగా చేరిన పిల్ల, పొరబాటు పడింది అనుకున్నాను. ఎప్పట్నుంచమ్మా ఈ రూలు అని అడిగాను. నేను చేరినప్పట్నుంచీ ఇంతేనండి అంది. మర్యాదగానే చెప్పింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. సోఫాలో కూర్చున్నాను. కూర్చున్నాక చూస్తే ఎదురుగా తోటికోడలి ఫోటోనే కనపడుతోంది.

నేను అక్కడ ఉండగానే ఇంకో ఇద్దరు వచ్చారు. దర్శి వైపు నుంచి ఒకావిడ, ఇంటర్ పాసయిన కూతురు. ఆ పిల్లకి మర్నాడు నర్సింగు కాలేజీలో ప్రవేశ పరీక్ష. ప్లాస్టిక్ కవర్లో హాల్ టికెట్ చుట్టి గుండెలకి పట్టుకుని ఉంది. తల్లికీ అదే జవాబు వచ్చింది. ఇద్దరం ఉన్నాం కదమ్మా అందావిడ. జెంట్స్ ఉండాలండి అని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఆవిడ కూతురి భుజం మీద చెయ్యి వేసి గుమ్మం వైపు తిరిగింది. బయట వాన పడిపోతోంది.

అప్పుడు లేచాను. "అమ్మాయ్, ఈ హోటలు నాది" అన్నాను.

కౌంటర్లో పిల్ల నా తడిచీర వంకా, బురద కాళ్ల వంకా చూసి లోపలికి వెళ్లి మేనేజరుని తీసుకొచ్చింది. ఆయన కుర్రవాడే. నన్ను ఎప్పుడూ చూడలేదు. ఎవరికో ఫోన్ చేసి, మాట్లాడి, చివరికి ఫోన్ నా చేతికిచ్చాడు. మా తోటికోడలి గొంతు.

"చెప్పకుండా వచ్చావేంటక్కా, కారు పంపేదాన్ని కదా. పైన మంచి గది ఇమ్మన్నాను. వెళ్లి ముందు తడి బట్టలు మార్చుకో."

"ఇక్కడ ఇంకొకావిడ ఉంది. కూతురికి పొద్దున్నే పరీక్షట. వాళ్లకీ ఇమ్మను."

"అది కుదరదక్కా. నీ సంగతి వేరు."

"నా సంగతి వేరెట్లా అయింది?"

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు పైకెళ్లు."

ఫోన్ మేనేజరుకిచ్చేశాను. ఆయన తాళం కార్డు పట్టుకుని, రండి మేడమ్ అని లిఫ్టు వైపు చెయ్యి చూపించాడు. నేను ఆ తల్లీకూతుళ్లతో బయటికి వచ్చేశాను. ఆటోలో కూర్చున్నాక ఎక్కడికండీ అని ఆవిడ అడిగితే, ఆపా ఇల్లు గుర్తొచ్చింది. గృహప్రవేశానికి ఒకసారి వెళ్లాను. సందులన్నీ నీళ్లు. ఆటో అబ్బాయిని అక్కడా ఇక్కడా అడిగిస్తూ కనుక్కున్నాం.

తలుపు తీసింది ఆపాయే. నన్ను చూసి మొహం వెలగలేదు. వదినా అనలేదు. "రండి" అంది, అంతే. మా ముగ్గురికీ తువ్వాళ్లు ఇచ్చింది, ఆ పిల్లకి తన కూతురి బట్టలు ఇచ్చింది, వేడిగా అన్నం పెట్టింది. అన్నీ చేసింది గానీ నా మొహంలోకి చూడలేదు. ఆ పిల్ల పక్క గదిలో పుస్తకం తెరుచుకున్నాక, తల్లి కూడా కూతురి పక్కకి వెళ్లిపోయాక, ఇద్దరమే మిగిలాం. హోటల్లో జరిగింది చెప్పాను.

ఆపా తల ఎత్తి నా వైపు చూసింది. "మీకు తెలియదా వదినా?" అంది.

తెలియదన్నాను.

అప్పుడు చెప్పింది. కంపెనీ మనిషి వచ్చి అందరినీ కూర్చోబెట్టి ఆ రూలు చెప్పిన రోజున ఆపా లేచి, వచ్చిన ఆడమనిషిని నేను వెనక్కి పంపలేనంది. మా తోటికోడలు ఆమెని పక్కకి తీసుకెళ్లి బతిమాలింది. ఆపా వినలేదు. వినకపోతే, "అక్క కూడా ఒప్పుకుంది, అక్కే చెప్పమంది" అందట.

"మీరే ఒప్పుకున్నాక ఇంక నేనెవరిని? ఆ వారంలోనే మానేశా. మీ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడు కదా, ఫోన్ చేసి దెప్పడమెందుకని ఊరుకున్నా. కానీ కోపం పోలేదు వదినా. ఇందాక తలుపు తీసినప్పుడు కూడా పోలేదు."

నేను ఏడ్చింది అప్పుడు. బోర్డు మారిస్తే, రూలు మారిస్తే, చివరికి అమ్మ మాట తీసుకెళ్లి స్టేజీ మీద చెబితే కూడా ఏదో సర్ది చెప్పుకోగలిగాను. కానీ ఇన్నాళ్లూ ఒక మంచి మనిషి, నేను మాట తప్పానని నమ్మి, ఒంగోలులో తన ఇంట్లో కూర్చుని బాధపడుతూ ఉంది. నాకు తెలియకుండా నన్ను దోషిని చేశారు. ఆపా నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఎవరు ఎవరిని క్షమించాలో మా ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఆ పిల్లని పరీక్షకి పంపి, నేను తిన్నగా గుంటూరు మా తోటికోడలి ఇంటికి వెళ్లాను. వాళ్లిప్పుడు అపార్టుమెంటులో ఉంటున్నారు. ఆమె నా కోసం ఎదురు చూస్తున్నట్టే ఉంది. కాఫీ తెచ్చింది. నేను తాగలేదు.

ఆమె దగ్గర కారణాలు లేకపోలేదు. ఇల్లు వదిలి వచ్చిన ఒకమ్మాయిని వెతుక్కుంటూ మొగుడూ అతని మనుషులూ వచ్చి కింద అద్దాలన్నీ పగలగొట్టారట. పోలీసులు వాళ్లని వదిలేసి ఈమెని స్టేషన్‌కి పిలిచారట. తను ఒక్కతే వెళ్లిందట. ఆ తర్వాతే కంపెనీవాళ్లు, ఈ గొడవ మాకొద్దు, రూలు పెడితేనే కలుస్తామన్నారట. ఆమె భయం అబద్ధం కాదు. అది నాకు తెలుసు.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదక్కా."

"సరే. నేను ఒప్పుకున్నానని ఆపాకి ఎందుకు చెప్పావు?"

ఆమె టేబుల్ మీద గుడ్డ సరిచేసింది. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్లీ సరిచేసింది.

"నీ మాటంటేనే వాళ్లు వింటారు" అంది.

నేను లేచి వచ్చేశాను. లిఫ్టు దాకా వెనకే వచ్చింది. అక్కా, అక్కా అని పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు ఇరవయ్యేళ్లుగా నా చెవికి అలవాటు. వెనక్కి తిరగకుండా ఉండడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఊరుకోలేదు. ఆపాని పిలిపించుకుని ఇద్దరం గుంటూరులో ఆ కంపెనీ అధికారి దగ్గరికి వెళ్లాం. ఆయన చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. రూలు మహిళల భద్రత కోసమేనండీ అన్నాడు. బయట వానలో నిలబెడితే భద్రతా అని ఆపా అడిగింది. ఆయన నవ్వి, మీరు మేడమ్‌గారికి బంధువులా అని నన్నడిగాడు. ఇద్దరం కలిసి మొదలుపెట్టామని చెప్పాను. అలాగా అండీ, మేడమ్ ఎప్పుడూ చెప్పలేదే అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. పై ఆఫీసుకి చెబుతానన్నాడు. ఏమీ మారలేదు. ఆ తర్వాత, ఆ హోటళ్ల నుంచి నాకు వచ్చేది ఇక పంపొద్దని మా మరిదికి చెప్పాను. ఆయన ఏదో సర్ది చెప్పబోయాడు. ఇంటి విషయాలు వేరు, ఇది వేరు అన్నాను.

ఇంటి విషయాలు ఆగవు కదా. పెదకాకాని గుళ్లో మా ఆడపడుచు మనవడి పుట్టువెంట్రుకలు తీస్తే నేనూ తోటికోడలూ వెళ్లాం. ఇద్దరం ఒకే పంక్తిలో కూర్చుని తిన్నాం. నా విస్తట్లో పప్పు లేదని చూసి ఆమే వడ్డించేవాళ్లని పిలిచింది. నాకు ఏం కావాలో ఆమెకి ఇప్పటికీ తెలుసు. అదే నాకు భరించలేనిది. నన్నెరగని మనిషి ఇలా చేసి ఉంటే ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని.

కిందటి మాఘంలో ఆమె మా ఊరు వచ్చింది. కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. కారు దిగి, ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టుకుని వచ్చి, మా ఆయన పక్కన కూర్చుని పలకరించింది. ఆయన ఎడమ చేత్తో ఆమె తల నిమిరారు. ఆయనకి నేనేమీ చెప్పలేదు. కాసేపయ్యాక ఆమె నా దగ్గరికి వంటింట్లోకి వచ్చింది. కంపెనీ వాళ్లు వీడియో తీస్తున్నారని చెప్పింది. హోటలు ఎలా మొదలైందో, ఎవరెవరు దిగారో పాతవాళ్లతో చెప్పిస్తున్నారట.

"నువ్వు రెండు మాటలు మాట్లాడితే బాగుంటుందక్కా."

నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. దాన్ని నేను దాచుకోను. అంతా చెప్పేద్దామని వచ్చిందేమో అనుకున్నాను.

"ఏమని మాట్లాడమంటావు?" అన్నాను.

ఆమె గడప మీద నిలబడి, నా మొహం చూడకుండా చెప్పింది. "మా మొదటి గెస్ట్ అని వేస్తారు. మీ అమ్మతో వచ్చినట్టు, నేను గది ఇచ్చినట్టు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కట్టేశాను. రానని చెప్పాను. పాలు చల్లారాక గ్లాసులో పోసిచ్చాను. నిలబడే తాగి, గ్లాసు కడిగి పెట్టి, బావగారికి చెప్పి వెళ్లిపోయింది.

ఆ వీడియో వచ్చింది. మా ఆడపడుచు తన ఫోన్లో చూపించింది. మొదటి అతిథి అని ఒక పెద్దావిడ కనిపించింది. తలంతా నెరిసి, నూలు చీరలో ఉంది. మా అమ్మకి చూపు లేదండీ, ఎవరూ గది ఇవ్వలేదు, ఈ మహాతల్లి ఇచ్చింది అని చేతులు జోడించింది. ఆవిడెవరో నాకు తెలియదు. బాగానే మాట్లాడింది. ఈవిడ మన చుట్టాలావిడేనా వదినా అని మా ఆడపడుచు అడిగింది. కాదని చెప్పి ఫోన్ ఇచ్చేశాను.